ఆకాశం వాటా, ఏటి వాటా, మన వాటా: గోదావరి డెల్టాలో తుఫాను, వరద, ఎండ వార్తలు రాసేవారికి మార్గదర్శి

అర్ధరాత్రి డెస్కులో ఫోను మోగుతుంది. అవతల మండల కంట్రిబ్యూటరు.

"సార్, కెరటాలు తాడిచెట్టంత లేస్తున్నాయండి. ఊళ్లోకి సముద్రం వచ్చేసిందండి."

"నువ్వెక్కడున్నావు?"

"అమలాపురంలోనేనండి. ఓడలరేవు నుంచి మావాడు చెప్పాడండి."

"మీవాడు కళ్లతో చూశాడా?"

కాసేపు మాట లేదు. "వాళ్ల బావమరిది చూశాడంటండి."

ఇలాంటి ఫోన్లు చాలా ఏళ్లు ఎత్తాను. అంతకుముందు ఇలాంటి ఫోన్లు చేశాను కూడా. ఇప్పుడు పేపరుకు రాసేవాళ్లే కాదు, యూట్యూబు చానళ్లు నడిపేవాళ్లు, ఊరి వాట్సాప్ గ్రూపులో సమాచారం పెట్టేవాళ్లు కూడా విలేకరులే. వాళ్లందరి కోసం ఇది రాస్తున్నాను. మన డెల్టాలో తుఫాను వార్త చదివేవాడు ఆ రాత్రి ఇల్లు వదలాలా వద్దా అని తేల్చుకోవడానికి చదువుతాడు. అక్కడ తప్పు రాస్తే దిద్దుబాటు వేసుకునే అవకాశం ఉండదు.

ఈ మార్గదర్శికి పేరు పెట్టింది నిజానికి ఒక రైతు. చాలా ఏళ్ల కిందట, సార్వా (వానాకాలపు) వరి పది రోజులు నీళ్లలో నానిపోయిన ఊరికి వెళ్లి "ప్రకృతి ప్రకోపం" అని శీర్షికతో పంపాను. పేపరు వచ్చిన మర్నాడు ఆ పెద్దాయన నన్ను మురుగు కాలువ గట్టు మీదకి తీసుకెళ్లాడు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా గుర్రపుడెక్క. దాని మీద కొంగలు నడుస్తున్నాయి. "వాన దేవుడిదే బాబూ. ఇది కూడా దేవుడిదేనా?" అన్నాడు. ఆ రోజు నుంచి ఏ విపత్తు వార్త రాసినా మూడు గళ్లు గీసుకుంటాను. ఆకాశం వాటా ఎంత? ఏటి వాటా ఎంత? మన వాటా ఎంత? కింద చెప్పేదంతా ఈ మూడు గళ్లను నిజాయితీగా నింపడం ఎలాగన్నదే.

మొదటి అడుగు: మబ్బు పట్టకముందే నోటుబుక్కు సిద్ధం చేసుకోవాలి

వేసవిలోనే ఒక పుస్తకం పెట్టుకోండి. మీ మండలంలో ఏ ఊరు లంక, ఏ ఊరు ఏటిగట్టు లోపల ఉంది, ఏది బయట ఉంది, ఏ కాజ్‌వే ముందు మునుగుతుంది, తుఫాను షెల్టరు తాళం ఎవరి దగ్గర ఉంటుంది, పంటు ఎప్పుడు ఆపేస్తారు, ఇవన్నీ రాసుకోండి. గట్టు మీద తిరిగే లస్కరు ఫోను నంబరు జిల్లా అధికారి నంబరు కంటే ముందు రాసుకోండి. గట్టు ఎక్కడ చెమ్మగిల్లుతోందో, ఎక్కడ ఊట కారుతోందో అందరికంటే ముందు తెలిసేది అతనికే.

మూలాధారాల పేజీ ఒకటి వేరుగా ఉండాలి. తుఫానుకు భారత వాతావరణ శాఖ, అందులో మనకు దగ్గరవి విశాఖ తుఫాను హెచ్చరిక కేంద్రం, అమరావతి వాతావరణ కేంద్రం. కెరటాలకు, ఉప్పెన అంచనాకు హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్. నది మట్టాలకు కేంద్ర జల సంఘం. మండలాలవారీ హెచ్చరికలకు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ. తుఫాను స్థాయికి చేరాక బులెటిన్లు మూడు గంటలకోసారి వస్తాయి. కాబట్టి ఏ అంకె రాసినా అది ఎన్ని గంటల బులెటిన్‌లోదో పక్కనే రాయాలి. మధ్యాహ్నం అంచనాను రాత్రి పదింటికి "తాజా" అని పెట్టినవాడు పాఠకుణ్ణి ఏడెనిమిది గంటలు వెనక్కి నెట్టినట్టే.

రెండో అడుగు: మాటలకు తూకం ఉంది, ఆ తూకంతోనే వాడాలి

మన పేపర్లలో అల్పపీడనం, వాయుగుండం, తుఫాను ఒకదాని బదులు ఒకటి వచ్చేస్తుంటాయి. వాటి మధ్య తేడా గాలి వేగం. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లయితే వాయుగుండం. 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం. 62 దాటితేనే తుఫాను, అప్పుడే దానికి పేరు పెడతారు. 89 దాటితే తీవ్ర తుఫాను, 118 దాటితే అతి తీవ్ర తుఫాను. వాయుగుండానికి పేరుండదు. ఇంకా వాయుగుండంగా ఉండగానే పేరు పెట్టి భయపెట్టే పోస్టు కనిపిస్తే అది ముందే వండిన వార్త అని అనుమానించండి.

ఇంకో చిక్కు. ఒకే తుఫానుకు రెండు చోట్ల రెండు వేగాలు కనిపిస్తాయి. మన వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటు తీసుకుంటుంది. అమెరికా నౌకాదళ కేంద్రం ఒక నిమిషం సగటు తీసుకుంటుంది కాబట్టి వాళ్ల అంకె ఎక్కువగా ఉంటుంది. "వాస్తవం దాస్తున్నారు" అని దీని మీద వార్తలు వచ్చిన సందర్భాలున్నాయి. దాచిందేమీ లేదు, కొలిచే పద్ధతి వేరు. ఈదురుగాలి ఉధృతి మరో అంకె. "100 నుంచి 110 కిలోమీటర్లు, ఒక్కో విసురు 120 వరకు" అని రెండూ విడివిడిగా రాయండి.

వానకూ అంతే. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. ఆ 24 గంటలు ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర దాకా. సాయంత్రం కురిసిన వానను "నేటి వర్షపాతం" అంటూ పొద్దున వచ్చిన అంకెతో కలిపి రాస్తే రెండు రోజుల లెక్క చెడుతుంది.

రేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరికల నంబర్లు ఓడల కోసం పెట్టినవి. మూడో నంబరు, పదో నంబరు అనేవి ఊరికి కలిగే నష్టానికి కొలమానం కావు. కాకినాడ రేవులో పదో నంబరు అని శీర్షిక పెట్టి ఊరుకుంటే ఉప్పాడలో ఉన్న ఇల్లాలికి ఏమర్థమవుతుంది? రంగుల హెచ్చరికలు ఆమెకు పనికొస్తాయి. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధపడమని, ఎరుపు అంటే కదలమని. ఆ క్రియాపదాలనే శీర్షికలోకి తెండి.

మూడో అడుగు: తీరం దాటే చోటు ఒక్కటే రాస్తే సరిపోదు

"నరసాపురం దగ్గర తీరం దాటుతుంది" అని రాస్తాం. కాట్రేనికోన వాళ్లు హమ్మయ్య అనుకుంటారు. ఇది మన వార్తల్లో నేను చూసిన అతి ప్రమాదకరమైన అలవాటు.

తుఫాను చుట్టూ గాలి మన అర్ధగోళంలో గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతుంది. ఆగ్నేయం నుంచి వాయవ్యంగా వచ్చే తుఫాను నరసాపురం దగ్గర ఒడ్డెక్కితే, దానికి కుడివైపు, అంటే కోనసీమ, యానాం, కాకినాడ వైపు, గాలి సముద్రం నుంచి నేల మీదకి తోస్తుంది. ఉప్పెన అటే వస్తుంది. ఎడమవైపు గాలి నేల నుంచి సముద్రం వైపు తోస్తుంది. కాబట్టి తీరం దాటే చోటు రాసిన వాక్యం పక్కనే, ఆ చోటుకు ఉత్తరాన ఉన్న మండలాల పేర్లు ఒక్కొక్కటిగా రాయండి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం ప్రాంతంలో తీరం దాటినప్పుడు, దాని బాట చుట్టూ ఉన్న ప్రదేశమంతా ఒకేలా అనుభవించలేదు. వచ్చే తుఫానులోనూ అంతే.

బులెటిన్లో ఉప్పెన ఎత్తు చెప్పేటప్పుడు "ఆ సమయంలోని పోటు మీద" ఇంత అని ఉంటుంది. ఆ ముక్క వదిలేయొద్దు. అమావాస్య, పౌర్ణమి పోటు మీద ఒక మీటరు ఉప్పెన వేరు, నీరు వెనక్కి తీసే పాటు మీద ఒక మీటరు వేరు. గోడకు తగిలించిన పంచాంగం క్యాలెండరు చాలు, ఈ సంగతి చూసుకోవడానికి.

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను కోనసీమలో వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్లలో రొయ్యపిల్ల కోసం, ఏరు సముద్రంలో కలిసే మొగల్లోకి వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. పరిమాణంలో అది చిన్న తుఫానే. చిన్న తుఫాను, పెద్ద తుఫాను అని విస్తీర్ణాన్ని బట్టి రాసే ముందు ఆ ఊళ్లు గుర్తుకు రావాలి. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనకు గుర్తుగా ప్రతి ఏటా వ్యాసాలు వేస్తాం. కోనసీమ 96కి అంత చోటు ఇవ్వం. ఆ తుఫానును చూసిన తరం ఇంకా ఉంది, వాళ్లను అడిగి రాసుకోండి.

మరో వైపు లెహర్ ఉంది. 2013 నవంబరులో అతి తీవ్ర తుఫానుగా బయల్దేరింది, జనాన్ని ఖాళీ చేయించారు, మచిలీపట్నం దగ్గరకు వచ్చేసరికి వాయుగుండంగా బలహీనపడింది. అలాంటప్పుడు వెక్కిరిస్తూ శీర్షిక పెట్టాలని డెస్కులో చేతులు ఉబలాటపడతాయి. పెట్టొద్దు. సముద్రం మీద పొడిగాలి తగిలితే, నీటి వేడి తగ్గితే తుఫాను చప్పబడుతుంది. ఎందుకు తగ్గిందో రాయండి, ఖాళీ చేసి వెళ్లినవాళ్లు సరైన పనే చేశారని రాయండి. వెక్కిరింత చదివిన మనిషి తర్వాతి తుఫానుకు ఇంట్లోనే కూర్చుంటాడు.

నాలుగో అడుగు: గోదావరి అంకెలు చదవడం నేర్చుకోవాలి

ఇక్కడ కొంచెం నిలబడదాం. వరద వార్తలో మనవాళ్లు ఎక్కువ తప్పులు చేసేది ఇక్కడే.

భద్రాచలంలో ప్రమాద హెచ్చరికలు 43, 48, 53 అడుగులకు. ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75 అడుగులకు, ప్రవాహం లెక్కన సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులకు (సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే ఒక క్యూసెక్కు). రెండు చోట్ల అడుగుల కొలత వేర్వేరు స్కేళ్ల మీద. "భద్రాచలంలో 50 అడుగులుంటే ఇక్కడ 15 అడుగులే" అని ధైర్యం చెప్పే వార్త ఒకసారి నా దాకా వచ్చింది, ఆపాను.

భద్రాచలం అంకె చూసి ధవళేశ్వరం అంకె ఊహించేయకండి. భద్రాచలం దాటాక కూనవరం దగ్గర శబరి కలుస్తుంది. ఛత్తీస్‌గఢ్, ఒడిశా వైపు వాన ఎక్కువగా ఉంటే, భద్రాచలంలో తగ్గుముఖం పట్టినా మనకు పెరుగుతూనే ఉండొచ్చు. "భద్రాచలంలో శాంతించిన గోదావరి" అన్న శీర్షిక లంక గ్రామాల్లో సామాను కట్టుకుంటున్నవాళ్ల చేతులు ఆపుతుంది. భద్రాచలం నుంచి వరద దిగి ధవళేశ్వరం చేరడానికి ఒక రోజు అటూ ఇటూ పడుతుంది. కాబట్టి ప్రతి వరద వార్తలో మూడు అంకెలుండాలి: ఎగువన ఎంత, శబరి ఎలా ఉంది, ధవళేశ్వరంలో గంటగంటకూ పెరుగుతోందా తగ్గుతోందా.

ఇంకో మాట తరచూ రాస్తాం: "బ్యారేజీ గేట్లు ఎత్తి నీటిని వదలడంతో లంకలు మునిగాయి." ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లున్నాయి, కానీ అది నాగార్జునసాగర్‌లా నీళ్లు పట్టి ఉంచే జలాశయం కాదు. మూడు టీఎంసీలైనా (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) నిల్వ ఉండదు. 10 లక్షల క్యూసెక్కులు వస్తుంటే గేట్లు ఎత్తి వచ్చినదాన్ని వచ్చినట్టు కిందికి పంపడం తప్ప దారి లేదు. ఎగువన ఉన్న ప్రాజెక్టుల సంగతి వేరు. అక్కడ ఎప్పుడు నిల్వ పెట్టారు, ఎప్పుడు వదిలారు, ముందే ఖాళీ చేసి ఉంచవచ్చా అని అడగడం మన పని. ఆ ప్రశ్నలు ధవళేశ్వరం మీద వేస్తే అసలు జవాబు చెప్పాల్సినవాళ్లు తప్పించుకుంటారు.

క్యూసెక్కు అంటే చాలామందికి ఊహకు అందదు. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అంత ప్రవాహం ఒక రోజంతా సాగితే దాదాపు శ్రీశైలం జలాశయం నిండేంత నీరు. ఇలా చెబితే గట్టు మీద ఉన్నవాడికి ఏరు ఏమిటో తెలుస్తుంది.

ఇక "చరిత్రలో ఎన్నడూ లేని వరద" అన్న మాట. రాసే ముందు 1986 ఆగస్టు పక్కన పెట్టి చూడండి. అప్పుడు భద్రాచలంలో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు. 2022ది రికార్డు కాదు. కానీ 1986 వరద ఆగస్టులో వచ్చింది, 2022 వరద జులై సగంలోనే వచ్చింది, నాట్లు పడుతున్న వేళకు. ఎత్తు కంటే ఆ వేళే పెద్ద వార్త. అది రాసినవాళ్లు తక్కువ. "వందేళ్ల వరద" అంటే వందేళ్లకోసారి వచ్చేదని కూడా కాదు. ఏ ఏడాదైనా నూటికి ఒక వంతు అవకాశం ఉన్న వరద అని. ఆ లెక్కన ముప్పై ఏళ్లు లంకలో కాపురం ఉన్న కుటుంబానికి అలాంటి వరద కనీసం ఒకసారి చూసే అవకాశం నూటికి 26.

ఏటిగట్టుకు గండి పడిందన్న కబురు ప్రత్యేకం. ఇద్దరు చెప్పాలి, అందులో ఒకరు కళ్లతో చూసినవారై ఉండాలి, చోటు పేరు, ఏ గట్టో, ఏ ఊరి మీదకి నీరు పోతోందో తెలియాలి. అంతవరకు ఒక్క అక్షరం పెట్టకండి. పుకారు గండికి భయపడి చీకట్లో పిల్లల్ని ఎత్తుకుని ఎదురు దిశలో పరుగెత్తినవాళ్లను చూశాను.

అయిదో అడుగు: పెద్దవాళ్ల మాటను కొలత పక్కన పెట్టాలి

2022 జులై 17న భద్రాచలంలో అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు, గోదావరి పరీవాహకంలో క్లౌడ్ బరస్ట్‌ల వెనుక విదేశాల కుట్ర ఉందేమోనన్న అనుమానం చెప్పారు. ముఖ్యమంత్రి అన్నారు కాబట్టి రాయక తప్పదు. కానీ ఎలా రాయాలి? అదే పేరాలో, తర్వాతి వాక్యంలోనే, క్లౌడ్ బరస్ట్ అంటే చిన్న ప్రదేశంలో గంటకు 100 మిల్లీమీటర్లు కురిసే వాన అని చెప్పాలి. గోదావరి పరీవాహకం 3 లక్షల చదరపు కిలోమీటర్లకు పైనే. అంత నదిని 71 అడుగులకు లేపింది చాలా జిల్లాల మీద రోజుల తరబడి కురిసిన వాన. ఈ రెండు వాక్యాలు మర్నాటి వివరణ వార్తలో వస్తే లాభం లేదు, అప్పటికి మొదటి వార్త ప్రతి ఫోనులోకీ వెళ్లిపోయి ఉంటుంది.

ఇదే పద్ధతి ఏ పార్టీ నాయకుడికైనా, ఏ అధికారికైనా. "అంతా అదుపులో ఉంది" అన్న మాట పక్కన షెల్టరులో ఎన్ని మరుగుదొడ్లున్నాయో రాయండి.

ఆరో అడుగు: తీరం మీద మనం

గొడుగు తిరగబడిపోతుంటే కెరటాల ముందు నిలబడి మైకు పట్టుకోవడం మానేయాలి. అక్కడ నిలబడ్డ మనిషి జనానికి ఇచ్చే సమాచారం సున్నా. చూసేవాడికి మాత్రం "వాళ్లు వెళ్లారుగా, మనమూ వెళ్లొచ్చు" అనిపిస్తుంది. వీడియో ఎవరైనా పంపితే, ఎప్పటిది, ఎక్కడిది అని అడిగి, అందులో కనిపించే గుడి, బోర్డు, సెల్ టవరు గుర్తుపట్టించండి. తుఫాను మొదలవగానే పాత ఉప్పాడ వీడియోలు మళ్లీ తిరుగుతాయి. పదిరోజుల తర్వాతి కంప్యూటరు మోడలు రంగుల బొమ్మ పెట్టి "సూపర్ సైక్లోన్ వస్తోంది" అనేవి కూడా. పది రోజుల ముందు ఏ మోడలూ తీరం పేరు చెప్పలేదు.

శవాల దగ్గర, షెల్టర్లలో ఆడవాళ్ల దగ్గర కెమెరా దించండి. దీనికి వివరణ అక్కర్లేదు.

ఏడో అడుగు: నష్టం లెక్క

"వేల ఎకరాల్లో పంట నష్టం" అన్నది నష్టం వార్త కాదు. వరి ఏ దశలో ఉంది? పొట్ట మీదుందా, పాలు పోసుకుంటోందా, కోసి పనల మీద ఉందా, కుప్ప వేశారా? అక్టోబరు ఆఖరు తుఫాను ఒకలా కొడుతుంది, డిసెంబరు తుఫాను ఒకలా. 2018 డిసెంబరు 17న పెథాయ్ వచ్చినప్పుడు, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతల వేళ. కోసిన ధాన్యం తడిస్తే గింజ మొలకెత్తుతుంది, రంగు మారుతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తరుగు మొదలవుతుంది. పొలంలో పోయింది సగం, మిల్లు దగ్గర పోయేది సగం. రెండో సగం మన వార్తల్లోకి రాదు.

పంట 33 శాతం, ఆ పైన దెబ్బతింటేనే పెట్టుబడి రాయితీ. 30 శాతం అని రాసిన రైతుకు ఏమీ రాదు. కాబట్టి ఎన్యూమరేషన్ చేసేవాళ్లు పొలంలోకి దిగారా, రోడ్డు మీంచే రాశారా అని చూడాలి. అన్నిటికంటే ముందు, ఆ పొలం చేస్తున్నది ఎవరు? మన డెల్టాలో కౌలు రైతులే ఎక్కువ. కౌలు కార్డు ఉందా, ప్రభుత్వ పంట నమోదు ఈ-పంటలో ఎవరి పేరు ఎక్కింది? పరిహారం పొలం ఉన్నవాడి ఖాతాలోకి, అప్పు సాగు చేసినవాడి మీదకు వెళ్తుంటే, ఆ వార్త తుఫాను వార్త కంటే చిన్నది కాదు.

ఎనిమిదో అడుగు: వాతావరణ మార్పు అన్న మాట ఎక్కడ రాయాలి, ఎంత రాయాలి

రెండు తప్పులు చూస్తున్నాను. మొన్నటిదాకా ఆ మాటే రాసేవాళ్లం కాదు. అది ఢిల్లీ పేజీ వార్త, జిల్లా ఎడిషన్‌కు సంబంధం లేదన్నట్టు ఉండేది. ఇప్పుడు ప్రతి వానకూ రాసేస్తున్నాం. మొదటిది కారణం దాస్తే, రెండోది కారకుణ్ణి దాస్తుంది. పూడిక తీయని మురుగు కాలువ గురించి అడిగితే "అంతా వాతావరణ మార్పండీ" అనే జవాబు ఈమధ్య చాలాసార్లు విన్నాను. ఒకప్పుడు దేవుడి మీదకి నెట్టేవారు, ఇప్పుడు కార్బన్ మీదకి.

"ఈ తుఫాను వాతావరణ మార్పు వల్లే వచ్చిందా?" అన్న ప్రశ్న ఎందుకు కుదరదో ఆక్వా రైతుకు తేలిగ్గా అర్థమవుతుంది. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయింది. రొయ్యలు పైకి తేలాయి, కొన్ని చచ్చాయి. ఫలానా రొయ్య ఆక్సిజన్ లేకే చచ్చిందా అంటే చెప్పలేం, దానికి ముందే జబ్బుండొచ్చు. ఆ రాత్రి చావులు మాత్రం మామూలు కంటే ఎన్ని రెట్లో చెప్పగలం. శాస్త్రవేత్తలు చేసేదీ అదే. వేడెక్కని భూమి మీద ఇలాంటి ఎండకు, ఇలాంటి వానకు ఎంత అవకాశం ఉండేది, ఇప్పుడెంత ఉంది అని పోలుస్తారు. 2022 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉత్తర భారతం, పాకిస్థాన్‌లను మాడ్చిన ఎండలకు అవకాశం వాతావరణ మార్పు వల్ల 30 రెట్లు పెరిగిందని వరల్డ్ వెదర్ ఆట్రిబ్యూషన్ బృందం అలాగే లెక్కగట్టింది.

అన్నిటికీ ఒకే ధీమా ఉండదు. ఎండ గురించి గట్టిగా రాయొచ్చు. కుండపోత వాన గురించి కూడా చాలావరకు గట్టిగానే: గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకుంటుంది, దించేటప్పుడు ఎక్కువే దించుతుంది. తుఫానుల విషయంలో ఆచితూచి రాయాలి. "తుఫానులు పెరిగిపోతున్నాయి" అన్నది తప్పు. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదిక ప్రకారం 1951 నుంచి ఉత్తర హిందూ మహాసముద్రంలో తుఫానుల మొత్తం సంఖ్య తగ్గింది. అయితే 2000 తర్వాత, వానాకాలం వెళ్లాక వచ్చే అతి తీవ్ర తుఫానులు పెరిగాయి. ఈ రెండు వాక్యాలూ కలిపి రాస్తేనే నిజం. ఒకటి వదిలేస్తే ఏదో ఒక పక్షానికి ఊడిగం చేసినట్టు.

నది వరద ఇంకా కలగాపులగం. వాన, అడవి, ఆనకట్టలు, గట్లు, ఇసుక తవ్వకం అన్నీ కలుస్తాయి. ఏ ఒక్కదానికీ మొత్తం వాటా ఇవ్వకండి.

తీరం కోత మీద ఈ మూడు గళ్ల పద్ధతి ఎంత పనికొస్తుందో చూడండి. ఉప్పాడ నుంచి అంతర్వేది దాకా "సముద్రం మింగేస్తోంది" అని రాస్తాం. ఆకాశం వాటా ఉంది: అదే 2020 నివేదిక ప్రకారం ఉత్తర హిందూ మహాసముద్ర మట్టం 1993 నుంచి 2017 మధ్య ఏటా 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది, అంతకుముందు శతాబ్దం కంటే దాదాపు రెట్టింపు వేగం. ఏటి వాటా ఉంది: డెల్టా అంటేనే గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. ఎగువన ఆనకట్టలు కట్టిన కొద్దీ ఒండ్రు అక్కడే ఆగిపోతోంది. 1970లతో పోలిస్తే ధవళేశ్వరం దాటి వచ్చే ఒండ్రు సగం కంటే తక్కువకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. కొత్త మన్ను రాని డెల్టా తన బరువుకు తానే కుంగుతుంది. ఇక మన వాటా: నరికిన మడ అడవి, చెరువులుగా మారిన ఉప్పుటేరు గట్లు, ఒకచోట రాళ్లు వేస్తే పక్క ఊళ్లో పెరిగే కోత. గ్యాసు, చమురు తీయడం వల్ల నేల దిగుతోందన్నది కోనసీమలో దశాబ్దాల మాట. దాన్ని రాసేటప్పుడు నేల మట్టం కొలతలు ఏవని కంపెనీలను, అధికారులను అడగండి. కొలత ఇవ్వకపోతే ఇవ్వలేదన్నదే వార్త.

మురుగు సంగతీ అంతే. 2011లో కోనసీమ రైతులు సార్వా మానేసి పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధరతో పాటు మునక కూడా వాళ్ల గోడు. సముద్ర మట్టం పెరిగితే పోటు వేళ మురుగు కాలువలు మొగల దగ్గర ఎక్కువసేపు నిలిచిపోతాయి. కాలువలో గుర్రపుడెక్క ఉంటే పాటు వేళ కూడా కదలవు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కనే రాస్తే ఎవరు ఏం చేయగలరో పాఠకుడికే తెలుస్తుంది.

తొమ్మిదో అడుగు: కనిపించని విపత్తు ఎండ

తుఫానుకు ఫొటో ఉంటుంది. ఎండకు ఉండదు. అందుకే మన పేపర్లో కొబ్బరి బొండాల బండి, గొడుగు పట్టుకున్న కాలేజీ పిల్లలు కనిపిస్తారు. 2015 మేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రెండు వేల మందికి పైగా చనిపోయారు. మన గోదావరి జిల్లాల్లో అంతమంది ప్రాణాలు తీసిన తుఫాను కొన్ని తరాల్లో లేదు.

వడగాలి అని చెప్పడానికి మైదానాల్లో కనీసం 40 డిగ్రీలు ఉండాలి. తీరప్రాంత కేంద్రాల్లో 37 దాటి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పెరిగితే చాలు. రెంటచింతల 45 డిగ్రీలు శీర్షికకెక్కుతుంది, మన 38 ఎక్కదు. కానీ ఇక్కడ గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒంట్లో వేడి బయటకు పోదు. ఆక్వా చెరువు గట్టు మీద, దాళ్వా (రెండో పంట) కోతల్లో, కొబ్బరి వలిచేచోట పనిచేసేవాళ్లకు ఆ 38 ప్రాణాంతకం కావచ్చు. గరిష్ఠంతో పాటు రాత్రి కనిష్ఠం, తేమ కూడా రాయండి. కూలీ పొలంలో కూలిపోతే ఆస్పత్రిలో చాలాసార్లు గుండెపోటు అని రాసేస్తారు. ఆ రోజు ఎన్ని గంటల నుంచి పనిలో ఉన్నాడు, నీళ్లు ఉన్నాయా, ఒళ్లు ఎంత కాలింది అని పక్కన పనిచేసినవాళ్లను అడగండి.

పదో అడుగు: మళ్లీ వెళ్లాలి

జిల్లా ఎడిషన్ పద్ధతిలో ఒక లోపం ఉంది. కాట్రేనికోన వార్త భీమవరం వాళ్లు చదవరు, మొగల్తూరు వార్త కాకినాడకు రాదు. ఉప్పునీరు పొలాల్లోకి ఎక్కడం, గట్టు కోత, మురుగు నిలవడం ఒకే కథ. నాలుగైదు ఎడిషన్లలో ముక్కలై పోతుంది. పక్క జిల్లా విలేకరితో నెలకొకసారి మాట్లాడి ఆ ముక్కలు కలపండి. ఎవరూ చెప్పకపోయినా కలపండి.

క్యాలెండరులో తేదీలు రాసుకోండి. తుఫాను వెళ్లిన నెలకు: పరిహారం జాబితా గ్రామ సచివాలయంలో అంటించారా? ఆరు నెలలకు: కూలిన కొబ్బరి చెట్ల చోట ఏం నాటారు, ఎవరు వలస వెళ్లారు? మే నెలలో: పోయినేడు ఊరిని ముంచిన ఆ కాలువలో గుర్రపుడెక్క తీశారా? జూన్‌లో ఎర్రనీరు రాకముందు ఒకసారి గట్టు మీద నడవండి.

పాత నోటుబుక్కులో నా రాత ఇలా ఉంటుంది: తేదీ, గంట, ఊరు. నీరు ఎవరి అరుగు మీద ఎన్నో మెట్టు దాకా వచ్చింది. ఎప్పుడు రావడం మొదలైంది, ఎన్నాళ్లకు దిగింది. ఆ ఇంటి పెద్దావిడ 86లో ఎక్కడిదాకా వచ్చిందని చూపించింది. గోడ మీద ఆ రెండు గీతల మధ్య దూరం, టేపుతో కొలిచి, అంగుళాల్లో.